పాత సంఘానికి కొత్త కాపరి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఏళ్ల తరబడి నడుస్తున్న సంఘంలో కాపరి మారినప్పుడు, ముందు తరాల సేవను ఎలా గౌరవించాలని అడుగుతూ ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొన్ని పాస్టర్లవి, కొన్ని సంఘ పెద్దలవి, ఒకటి పదవీ విరమణ చేయబోతున్న వారిది. అందరికీ పనికొచ్చే వాటిని తీసుకుని జవాబులిస్తున్నాం.

ప్రశ్న: అరవై ఏళ్ల సంఘానికి కాపరిగా వెళ్తున్నాను. నాకు ముందు తొమ్మిది మంది పనిచేశారు. వాళ్ల కష్టాన్ని గౌరవించాలని మనసులో ఉంది కానీ మొదటి మూడు నెలల్లో సరిగ్గా ఏం చేయాలో తెలియడం లేదు. (ఒక యువ పాస్టరు)

ముందు చదవండి. బాధ్యత తీసుకునే రోజుకు ముందే సంఘ కార్యదర్శి గారిని అడిగి నాలుగు పుస్తకాలు చూడండి: కమిటీ మినిట్స్, సభ్యుల జాబితా, బాప్తిస్మాల రిజిస్టరు, సమాధి కార్యక్రమాల రిజిస్టరు. మినిట్స్ అన్నీ ఒక్క ఊపున చదవడం ఎవరి తరమూ కాదు. చివరి అయిదేళ్లవి పూర్తిగా చదవండి. అంతకు ముందువాటిలో ప్రతి పాస్టరు వచ్చిన ఏడాది, వెళ్లిన ఏడాది, మందిరం కట్టిన ఏడాది చాలు. సంఘం దేనికి పట్టుబడుతుందో, దేనికి సర్దుకుపోతుందో ఆ ఏళ్లలోనే కనిపిస్తుంది. సమాధుల రిజిస్టరు ఎందుకంటారా? గత రెండేళ్లలో ఎవరింట్లో ఎవరు పోయారో తెలియకుండా గడపలోకి వెళ్లి "అందరూ బాగున్నారా" అని అడిగితే, ఆ ఇంటివాళ్లు మర్యాదకు తల ఊపుతారు గానీ మనసు చివుక్కుమంటుంది.

తర్వాత ఒక పెద్ద కాగితం తీసుకుని ఎడమ వైపు ఏళ్లు వరసగా రాయండి. పక్కన ఆ ఏడాది ఎన్ని బాప్తిస్మాలు జరిగాయో, అప్పుడు కాపరి ఎవరో రాయండి. ఏటా పది పన్నెండు ఉన్న అంకె ఒక్కసారిగా సున్నాకు పడి రెండు మూడేళ్లు అక్కడే ఉందనుకోండి, ఆ కాలంలో ఏదో జరిగింది. సంఘం చీలి ఉండొచ్చు, కాపరి లేక ఖాళీగా ఉండొచ్చు. ఒక్కోసారి రాసేవారు లేక రిజిస్టరే ఆగిపోయి ఉండొచ్చు కాబట్టి తొందరపడి నిర్ణయానికి రావద్దు. దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి. పెద్దవాళ్లను కలిసినప్పుడు "అప్పుడు గొడవేమిటి?" అనకుండా "ఆ రెండేళ్లు మీకు ఎలా గడిచాయి?" అని అడగండి. మొదటి మాటకు తలుపులు మూసుకుంటాయి, రెండో మాటకు కుర్చీ వేసి కూర్చోబెడతారు.

ఇళ్ల సందర్శన వారానికి నాలుగిళ్ల చొప్పున పెట్టుకుంటే పన్నెండు వారాల్లో 48 ఇళ్లు అవుతాయి. ఒక్కో ఇంట్లో ముప్పావు గంట మించవద్దు. ఎవరింటికి ముందు వెళ్లారన్నది సంఘమంతా గమనిస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. కోశాధికారి గారింటికి, స్థాపకుల కుటుంబానికి, పెద్ద కానుకలిచ్చే వారింటికి వరసగా వెళ్లి, ఒకే కథను నాలుగు నోళ్ల విని, అదే సంఘ చరిత్ర అనుకుంటారు. మంచం పట్టిన వృద్ధులతో మొదలుపెట్టండి. ఆ తర్వాత ముప్పై ఏళ్లుగా సండే స్కూలు నడిపిన అమ్మ, మందిరం ఊడ్చి దీపాలు చూసుకునే వ్యక్తి, కమిటీలో ఎన్నడూ లేని కుటుంబాలు, చడీచప్పుడు లేకుండా రావడం మానేసినవారు. పెద్దల ఇళ్లు వీటి మధ్యలో కలిసిపోవాలి.

అడగాల్సినవి మూడే. ఈ సంఘంలో మీరు ఎన్నటికీ మరచిపోని రోజు ఏది? ఎవరి సేవ వల్ల మీ విశ్వాసం నిలబడింది? ఏది పోతే మీకు ఈ మందిరం పరాయిగా అనిపిస్తుంది? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులను జాగ్రత్తగా దాచుకోండి. మీరు ఊహించనివి వస్తాయి. ప్రసంగం గురించి ఎవరూ చెప్పరు. గంట మోగే తీరు, ఆరాధన చివర అందరూ నిలబడి పాడే ఒక్క పాట, కిటికీ పక్కన తన భర్త కూర్చున్న బల్ల, ఇలాంటివి చెబుతారు. ఎదురుగా కూర్చుని రాసుకోకండి, బయటికొచ్చాక పది నిమిషాల్లో రాసేయండి.

ఈ మూడు నెలలూ ఆరాధన సమయం, క్రమం, పాటలు, కుర్చీల వరస, ప్రభురాత్రి భోజనం ఇచ్చే పద్ధతి, ఏదీ కదపవద్దు. బైబిల్లో నెహెమ్యా కూలిన గోడను కట్టించడానికి యెరూషలేముకు వచ్చి మూడు రోజులు ఊరకే ఉన్నాడు. ఆ తర్వాత రాత్రివేళ గోడ చుట్టూ తిరిగి చూశాడు. తన మనసులో ఉన్నది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. గోడ ఎక్కడ కూలిందో కళ్లారా చూశాకే "రండి, కడదాం" అన్నాడు. ఆగకూడనివి మాత్రం కొన్ని ఉన్నాయి: బయటపడ్డ కరెంటు తీగ, కానుకలను ఒక్కరే లెక్కపెట్టడం, పిల్లలతో ఒంటరిగా ఉండే పెద్దల మీద ఏ నిఘా లేకపోవడం. ఇవి సంప్రదాయం కిందికి రావు. మొదటి వారంలోనే సరిచేయండి.

ఎనిమిదో వారం ప్రాంతంలో ఒక సాయంత్రం అందరినీ పిలిచి గోడకు అయిదు మీటర్ల కాగితం అంటించండి. దశాబ్దానికి 80 సెంటీమీటర్ల చొప్పున గీతలు గీస్తే అరవై ఏళ్లు పడతాయి. రెండు రంగుల చీటీలు ఇవ్వండి, ఒకటి సంతోషానికి, ఇంకోటి దుఃఖానికి. ఎవరు ఏ ఏడాది సంఘంలోకి వచ్చారో అక్కడ నిలబడి వాళ్లే రాసి అంటిస్తారు. ఆ సాయంత్రం మీరు మాట్లాడేది రెండు నిమిషాలకు మించకూడదు. వెళ్లేముందు కాగితం మొత్తాన్ని ముక్కలు ముక్కలుగా ఫోటో తీయండి, తెల్లవారేసరికి సగం చీటీలు ఊడి కింద పడి ఉంటాయి.

ప్రశ్న: మొదటి ఆదివారం ప్రసంగంలో గత కాపరుల గురించి ఎంతసేపు మాట్లాడాలి?

నిమిషమున్నర చాలు, కానీ పేర్లు తప్పు పోకూడదు. ఒక్క పేరు తప్పు పలికితే మిగతా పొగడ్తంతా నీళ్లపాలే. పెద్దవాళ్లలో ఒకరికి ముందు రోజు జాబితా చదివి వినిపించి సరిచూసుకోండి. స్థాపించిన ఏడాది చెప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త. పాత సంఘాలకు తరచుగా మూడు తేదీలు ఉంటాయి: ఒక ఇంట్లో మొదటి ప్రార్థన కూడిక జరిగినది, సంఘం పేరు నమోదైనది, మందిరం ప్రతిష్ఠ జరిగినది. శంకుస్థాపన రాయి మీద ఉన్నది మూడోదానికి దగ్గర. మీరు చెబుతున్నది ఏ తేదీయో చెప్పండి.

"ఈ సంఘాన్ని మేలుకొల్పడానికి దేవుడు నన్ను పంపాడు" అనే ధోరణి వద్దే వద్దు. అప్పటిదాకా అందరూ నిద్రపోయారనే కదా దాని అర్థం! ఇతరులు కష్టపడ్డారు, వారి కష్టఫలంలో మీరు ప్రవేశించారని యేసు శిష్యులతో అన్న మాట యోహాను 4:38లో ఉంది. ఆ రోజుకు అంతకు మించిన వాక్యం అక్కర్లేదు.

ప్రశ్న: నాకు ముందున్న పాస్టరు గారు 22 ఏళ్లు ఇక్కడ సేవ చేశారు. ఇప్పుడూ దగ్గర్లోనే ఉంటారు. ఏం చేసినా "అయ్యగారైతే ఇలా చేసేవారు కాదు" అంటున్నారు. పెళ్లికీ, సమాధికీ ఆయన్నే పిలుస్తున్నారు. ఆయన మంచివారు, నొప్పించడం ఇష్టం లేదు.

ఆ మాటలో మీ మీద ఫిర్యాదు కంటే ఆయన మీద బెంగ ఎక్కువ. మోషే చనిపోయినప్పుడు ఇశ్రాయేలీయులు 30 దినాలు ఏడ్చారు, ఆ దినాలు తీరాకే అతని తర్వాత నాయకుడైన యెహోషువ మాట విన్నారని ద్వితీయోపదేశకాండం 34 చెబుతుంది. 22 ఏళ్ల బంధానికి ఏడాదైనా పడుతుంది. "అయ్యగారైతే" అని ఎవరైనా అన్నప్పుడు సంజాయిషీ ఇవ్వకుండా "ఆయన ఎలా చేసేవారో చెప్పండి" అని అడిగి వినండి. రెండు లాభాలు. వాళ్ల బెంగ తీరుతుంది, ఆ పద్ధతికి కారణం మీకు తెలుస్తుంది. కారణం ఇంకా బతికే ఉంటే ఆ పద్ధతినే కొనసాగించండి.

పెళ్లిళ్లు, సమాధుల సంగతి మాత్రం ఒక్కొక్కటి వచ్చినప్పుడు తేల్చుకోకూడదు. అప్పుడు పెళ్లికూతురు తండ్రికో, ఏడుస్తున్న విధవరాలికో కాదని చెప్పాల్సి వస్తుంది. ముందే ఆయన ఇంటికి మీరే వెళ్లి, ఇద్దరే కూర్చుని ఒక ఒప్పందానికి రండి. ఎక్కువ చోట్ల పనిచేసేది ఇది: కుటుంబం ఎవరిని అడిగినా ఆహ్వానం ప్రస్తుత కాపరి నుంచే వెళ్తుంది, కార్యక్రమం మీరు నడిపిస్తారు, ఆయన వాక్యమో ప్రార్థనో చేస్తారు. దాన్ని నాలుగు వాక్యాల్లో రాసి పెద్దల చేత సరేననిపించండి. సంఘానికి మీరిద్దరూ కలిసి చెప్పండి. ఆయన ఒక్కరే చెబితే తప్పుకున్నట్టుంటుంది, మీరు ఒక్కరే చెబితే తప్పించినట్టుంటుంది.

ఏడాదికి ఒకసారైనా ఆయన్ను ప్రసంగానికి పిలవండి, తేదీ ముందే క్యాలెండరులో వేయండి. ఇక ఆయన దగ్గరికి వెళ్లి మీ మీద చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. "ఈ మాట పాస్టరు గారితో చెప్పారా?" అని ఆయన ఒక్క ప్రశ్న వేస్తే చాలు. అది ఆయన్ను కోరండి.

ప్రశ్న: మా పాత చెక్క ప్రసంగ వేదిక చెదలు పట్టి ఊగుతోంది. మార్చుదామంటే సగం సంఘం ఒప్పుకోవడం లేదు. దాని మీద దాత పేరున్న ఇత్తడి పలక ఉంది. (ఒక సంఘ పెద్ద)

చాలా సంఘాల్లో జరిగేది చెబుతాం. శనివారం రాత్రి నలుగురు కలిసి పాతదాన్ని వెనక గదిలో పడేసి కొత్తది పెడతారు. ఆదివారం పొద్దున ఆ దాత కూతురు వచ్చి చూస్తుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ విషయం సంఘంలో నడుస్తూనే ఉంటుంది. వేదిక పోయినందుకు అంత బాధ ఉండదు, తనకొక మాట చెప్పనందుకు ఉంటుంది.

కాబట్టి మొదట పలక మీది పేరు, తేదీ రాసుకుని ఆ ఏటి మినిట్స్ తిరగేయండి. కానుకకు షరతు ఏదైనా పెట్టి పుచ్చుకున్నారా? "మందిరం ఉన్నంత కాలం వాడాలి" లాంటి మాట తీర్మానంలో ఉంటే కమిటీ మళ్లీ కూర్చుని రాతపూర్వకంగా తేల్చాలి, నోటి మాటతో కుదరదు. తర్వాత ఒక మంచి వడ్రంగికి చూపించండి. చెదలు ఎంతదాకా వెళ్లాయో స్క్రూడ్రైవరు మొనతో అడుగుభాగాన్ని, కీళ్లను నొక్కి చూస్తే తెలుస్తుంది. మొన లోపలికి దిగిపోతే ఆ చెక్క బలం పోయింది. చాలాసార్లు నేలకు తగిలే కింది అడుగు భాగమే పాడై, పైనున్న వాలు బల్ల, ముందరి పలకలు గట్టిగా ఉంటాయి. అప్పుడు కింది భాగం మార్చి చెదల మందు కొట్టిస్తే సరిపోతుంది. గొడవే లేదు.

మొత్తం పోయిందంటే కుటుంబంలో పెద్దవారి దగ్గరికి పాస్టరు గారు, ఒక సంఘ పెద్ద కలిసి వెళ్లాలి. ఫోన్లో చెప్పొద్దు. పాడైన చోటు ఫోటో చూపించి, గట్టిగా ఉన్న చెక్కతో ఏం చేయించమంటారో వారినే అడగండి. ముందరి పలకతో చిన్న బల్ల, బైబిలు స్టాండు, కొత్త వేదికకు ముందు భాగం చేయించొచ్చు. ఇత్తడి పలకను పాతదాన్నే కొత్త వేదికకు బిగించి, కింద ఇంకో చిన్న పలక మీద కొత్త తేదీ వేయించండి. ఆఖరి ఆదివారం పాత వేదిక నుంచే ప్రసంగం చేసి, దాని ముందు అందరూ ఫోటో దిగి, కృతజ్ఞతా ప్రార్థన చేశాక తీయండి.

ఇది చెక్క కోసం ఇంత తతంగమా అనిపించవచ్చు. యొర్దానులోంచి పన్నెండు రాళ్లు ఎత్తుకొచ్చి నిలబెట్టమని దేవుడు చెప్పింది, పిల్లలు "ఈ రాళ్లేమిటి?" అని అడిగినప్పుడు జవాబు చెప్పడానికి. మీ పిల్లలు ఆ పలక చూసి అడిగినప్పుడు చెప్పగలిగిన వారు ఒక్కరైనా ఉండాలి కదా.

ప్రశ్న: మా పాత రిజిస్టర్లు పొడి పొడిగా రాలిపోతున్నాయి. లామినేషన్ చేయించాలనుకుంటున్నాం. సరేనా?

వద్దు. లామినేషన్‌లో వేడితో కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ ఎప్పటికీ విడదీయలేరు. సెల్లో టేపు కూడా వద్దు. కొన్నేళ్లకు దాని జిగురు పసుపు పచ్చగా మారి అక్షరాలను మింగేస్తుంది. చిరిగిన పేజీని అలాగే పలచటి తెల్ల కాగితాల మధ్య ఉంచి, కవర్లో పెట్టి, దాని మీద పెన్సిల్‌తో పేజీ సంఖ్య రాయండి. పాత కాగితం మీదా, ఫోటోల వెనకా బాల్‌పెన్ ఎప్పుడూ వాడకండి, గీత అవతలి వైపు తేలుతుంది, సిరా పాకుతుంది.

స్కానింగు రాతకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఫోటోలకు 600 డీపీఐ పెట్టండి. కట్టు బిగుతుగా ఉన్న రిజిస్టరును గాజు మీద బోర్లించి అదిమితే వెన్ను విరుగుతుంది. అలాంటి పుస్తకాన్ని రెండు దిండ్ల మధ్య సగం తెరిచి, పైనుంచి కెమెరాతో తీయండి. కిటికీ వెలుతురు పక్క నుంచి పడాలి, ఫ్లాష్ వద్దు. ఫైలు పేరు చూడగానే సంగతి తెలియాలి: బాప్తిస్మం, ఏడాది, పేజీ సంఖ్య, ఈ వరసలో. మొత్తం మూడు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి మందిరం బయట వేరే చోట. హార్డ్ డిస్కులు చెప్పకుండా పాడవుతాయి కాబట్టి ఏడాదికోసారి తెరిచి చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

స్కాన్ అయింది కదా అని అసలు పుస్తకాలు పారేయొద్దు. బీరువాను బయటి గోడకు ఆనించకుండా, నేలకు అరడుగు ఎత్తున పెట్టండి. తేమ గోడల్లోంచే వస్తుంది.

రిజిస్టరులో తప్పు కనిపిస్తే కొట్టేసి దిద్దకండి. పుట్టిన తేదీకో, పెళ్లికో ఆ నమోదును ఎవరైనా రుజువుగా అడగవచ్చు, దిద్దిన పేజీకి విలువ పోతుంది. పక్క ఖాళీలోనో, వేరే కాగితం మీదో సరైన వివరం, తేదీ, సంతకం పెట్టండి. ఇంకో మాట, పాత మినిట్స్‌లో సభ్యుల మీద తీసుకున్న క్రమశిక్షణ చర్యలు, కుటుంబ గొడవలు ఉంటాయి. ఆ పేజీల స్కాన్లు సంఘం వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు.

ప్రశ్న: మా సంఘ చరిత్రలో చేదు కూడా ఉంది. ఒక చీలిక, ఒకసారి నిధుల దుర్వినియోగం. వార్షికోత్సవ పుస్తకంలో వాటిని వదిలేయమంటున్నారు. గౌరవించడమంటే దాచడమా?

కాదు. బైబిలే దావీదు పాపాన్ని దాచలేదు, పేతురు బొంకును దాచలేదు. చీలిక జరిగిందని ఇరవై ఏళ్లు దాటిన ప్రతి సభ్యుడికీ తెలిసే ఉంటుంది. పుస్తకంలో లేకపోతే చదివినవాళ్లు మిగతా పేజీలను కూడా నమ్మరు. జరిగిన ఏడాది, దేని మీద అభిప్రాయ భేదం వచ్చింది, సుమారు ఎన్ని కుటుంబాలు వెళ్లాయి, ఈ మూడూ రాయండి. ఎవరిది తప్పో రాయకండి. వెళ్లిన వైపు నుంచి ఒక పెద్దకు ఆ పేరా ముందే చూపించి, వారికి అది న్యాయంగా ఉందో లేదో అడగండి. వాళ్లను ఉత్సవానికి పిలవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

నిధుల విషయంలో బాధ్యుడి పేరు అక్కర్లేదు, పిల్లలూ మనవలూ ఆ బల్లల మీదే కూర్చుని ఉండొచ్చు. ఆ తర్వాత సంఘం లెక్కల పద్ధతిని ఎలా మార్చుకుందో రాయండి. పిల్లల మీదో, స్త్రీల మీదో జరిగిన అఘాయిత్యం బయటపడితే మాత్రం అది చరిత్ర పుస్తకం పని కాదు. ఎంత పాతదైనా, చేసినవారు ఎంత పేరున్నవారైనా, చట్టానికి తెలియజేయాలి. బాధితుల అనుమతి లేనిదే వారి గురించి ఒక్క మాటా బయటికి రాకూడదు.

గతాన్నే పూజించే స్థితి వచ్చినప్పుడు కూడా మొహమాటపడకండి. మోషే చేసిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు. అయితే అలాంటి స్థితి నిజంగా వచ్చిందని మొదటి ఏడాదిలో తేల్చగల కొత్త కాపరి అరుదు. చాలాసార్లు మనం విగ్రహం అనుకున్నది ఎవరో ఒక ముసలమ్మ జ్ఞాపకం అయి ఉంటుంది.

ప్రశ్న: వచ్చే నెల పదవీ విరమణ చేస్తున్నాను. నా తర్వాత వచ్చే తమ్ముడికి ఏం అప్పగించి వెళ్లాలి?

తాళాలు, లెక్కలు ఎవరైనా ఇస్తారు. మీరు మాత్రమే ఇవ్వగలిగింది మనుషుల గురించిన సమాచారం. ఒక నోటు పుస్తకంలో ఇంటికి రెండు వాక్యాల చొప్పున రాయండి: ఇంట్లో ఎవరెవరు, ఇటీవల ఏ దుఃఖం, ఏ ప్రార్థన కోసం ఎదురుచూస్తున్నారు. ఒప్పుకోళ్లు, మీ దగ్గర మాత్రమే చెప్పుకున్న రహస్యాలు అందులో ఉండకూడదు. ఫలానావారు మొండి, ఫలానావారు కలిసిరారు అని కూడా రాయకండి. మీతో కలిసిరానివారు ఆయనతో కలిసిరావచ్చు.

వేరే పేజీలో మీరు మాట ఇచ్చి ఇంకా తీర్చనివి అన్నీ వేయండి: వచ్చే ఏడాదికి ఒప్పుకున్న పెళ్లి, ఒక కుర్రాడికి చదువు సాయం, సమాధి రాయి పెట్టిస్తామన్న హామీ. కొత్త కాపరికి తెలియక వీటిలో ఒకటి తప్పిపోతే, మాట తప్పింది సంఘమే అంటారు. మంచం మీద ఉన్నవారి పేర్లు విడిగా రాసి, మీరు వెళ్లేలోపు ఆ ఇళ్లకు ఇద్దరూ కలిసి ఒకసారి వెళ్లిరండి. వాళ్లు ఆదివారం మందిరానికి రాలేరు, వీడ్కోలు సభా చూడలేరు. కొత్తాయన చేయి వాళ్ల చేతిలో పెట్టేది మీరే కావాలి.